నలభై ఒకటో టవరు మీద మనిషి

నిషేధం 1వ రోజు

లైన్ ఆఫీసు డైరీలో గాలి ఎటు వీచిందో, ఏ టవరు కడిగామో, ఎవరు సంతకం పెట్టారో రాస్తే చాలు. అందులో తిట్లు రాయకూడదు. అందుకే ఈ రెండో పుస్తకం పెట్టుకున్నాను.

ఈ పొద్దున కొంగను పట్టుకుపోయారు.

కొంగ మా డ్రోన్. ఆ పేరు మా అన్న చెంచురామయ్య పెట్టాడు. తీగల పక్కన గాల్లో నిలబడి, పొడుగు ముక్కుతో, తీగల్ని టవరుకి వేలాడదీసే పింగాణీ డిస్కుల మీద మంచినీళ్ళు చిమ్మి పేరుకున్న ఉప్పు కడుగుతుంది. చట్రం కావలి వెల్డింగు షాపులో చేయించాం. ముక్కు నేనే సానబట్టాను. లోపల అరచేయంత సర్క్యూట్ పలక ఒక్కటే విదేశీది. ఏ వస్తువు ఏ దేశానిదో చూసే మూలం తనిఖీ అధికారి నిరంజన్ ప్రసాద్ వచ్చి, స్క్రూలు విప్పి, ఆ పలక మీద టార్చి వేసి చూసి ‘విదేశీ’ అని ముద్ర కొట్టాడు. మిక్సీలకీ ఫోన్లకీ కొడుతున్న ముద్రే.

ఉత్తర్వు చదివి వినిపించాడు. కీలక కట్టడాలకు మూడు కిలోమీటర్ల లోపల విదేశీ డ్రోన్ ఎగరకూడదు. కీలక కట్టడాలంటే రేవు, గ్యాస్ ట్యాంకులు, సముద్రపు నీళ్ళని మంచినీళ్ళు చేసే ప్లాంటు, ఆ ప్లాంటుకు కరెంటు మోసుకుపోయే మా రెండు లైన్లు. కొంగకి ఉన్న పనే ఆ లైన్ల మీద.

నిషేధం ఊరికే రాలేదు, అదీ రాస్తాను. రెండేళ్ళ కింద గ్యాస్ ట్యాంకులు పేలాయి. అంతకు ముందు రోజు ఎవరిదో డ్రోన్ వాటి చుట్టూ తిరిగి ఫోటోలు తీసుకుపోయింది. ఆ మంట నేను కళ్ళారా చూశాను. భయపడాల్సిందే. కానీ పాముని చూసినవాడు పక్కనున్న చేంతాడుని కూడా నరికేస్తే బావిలో నీళ్ళు ఎవరు తోడాలి?

“సార్, ఇది ఉప్పుగాలి నెల. పది రోజులకోసారి కడక్కపోతే డిస్కుల మీద నిప్పు పాకుద్ది. లైను పోద్ది, నాలుగు మండలాలకి నీళ్ళుండవు. ఈ ఒక్క నెలా వదిలెయ్యండి,” అన్నాను.

“స్వదేశీ యంత్రం రెండు వారాల్లో వస్తుందమ్మా. అప్పటిదాకా చేత్తో కడగండి. ముందు మనుషులే ఎక్కేవాళ్ళు కదా.”

“ఏదన్నా మినహాయింపు ఉండాదా సార్?”

“లేదు.”

తల కూడా ఎత్తలేదు. ముద్ర ఆరిందా లేదా అని ఊదుకుంటూ చెప్పాడు.

నిషేధం 3వ రోజు

నీళ్ళ రేషన్లో నీలం కార్డుకి ఇవాళ మా వంతు. ఆరు బిందెలు. నాలుగు ఇంటికి, రెండు వదినకి. బోరు నీళ్ళు ఉప్పుతేలి పదేళ్ళయింది, పప్పు కూడా ఉడకదు.

అన్న అటక మీంచి పాత ఎక్కుడు బెల్టులు దించాడు. కొంగ వచ్చాక ఏడేళ్ళుగా ఎవరం టవరెక్కలేదు. తోలు పెళుసెక్కింది. వసారాలో కూర్చుని కొబ్బరినూనె పట్టిస్తున్నాడు. అన్నకి యాభై ఆరు. కూర్చుంటే లేవడానికి గోడ కావాలి.

“బెల్టుకి నువ్వు నూనె రాస్తుండావు సరే, నీ మోకాళ్ళకి ఎవురు రాస్తారు?” అంది వదిన సుబ్బరత్నం.

“నువ్వుండావు గదా.”

“నేను రాయను పో. కొత్తోళ్ళని ఎక్కమను.”

కొత్తవాళ్ళు లేరు. మా ముఠాలో ఉన్నది నలుగురం. అన్న, నేను, మస్తానయ్య, ఓబులేసు. ఓబులేసు ఎన్నడూ టవరెక్కలేదు, కొంగతోనే పనిలోకి వచ్చాడు. మస్తానయ్యకి తల తిరుగుడు. నేను ఎక్కగలను, కానీ అన్న ఒప్పుకోడు. చెల్లెల్ని పైకి పంపి నేను కింద చూస్తా నిలబడతానా అంటాడు. వాదించాను. ఇంకా గట్టిగా వాదించాల్సింది.

నిషేధం 7వ రోజు

ఆఫీసుకి ఒక కాగితం వచ్చింది. మా కొంగని యంత్రంలో వేసి నలగ్గొట్టినట్టు ధ్రువపత్రం. కింద నిరంజన్ ప్రసాద్ సంతకం, పక్కన పచ్చని ముద్ర. ఏం బరువుందో, ఎన్ని గంటలకు నలిగిందో కూడా రాశారు. అన్న దాన్ని రెండుసార్లు చదివి మడిచి జేబులో పెట్టుకున్నాడు. “మడిసి పోతే కూడా ఇంత బాగా రాయరు మే,” అన్నాడు.

నిషేధం 10వ రోజు

ఇవాళే రాయాలి, రేపటికి ఎవరో ఒకరు నాకు సర్దిచెప్పేస్తారు.

ముందు ఎల్.సి. గురించి రాస్తాను. ఎల్.సి. అంటే లైన్ క్లియర్. పనికి ముందు సబ్‌స్టేషన్‌కి ఫోన్ చేసి, పేరు చెప్పి లైను ఆపించుకుంటాం. మా దగ్గరుండే ఎల్.సి. పుస్తకంలో రెండు పేర్లు పడతాయి. ఆ ఇద్దరిలో ఒకరు మళ్ళీ ఫోన్ చేసి తిరిగిస్తేనే లైనులోకి కరెంటు వదులుతారు. మధ్యలో మంత్రి చెప్పినా, చీఫ్ ఇంజినీరు కాళ్ళు పట్టుకున్నా ఆపరేటరు స్విచ్ ముట్టుకోడు. తిరిగిచ్చేటప్పుడు ఆపరేటరు ఒకటే అడుగుతాడు, మనుషులందరూ దిగారా అని. మా పనిలో తాగుబోతులున్నారు, దొంగలున్నారు, పెళ్ళాల్ని కొట్టినవాళ్ళున్నారు. ఆ ఒక్క ప్రశ్నకి అబద్ధం చెప్పినవాడు మాత్రం ఇంతవరకు లేడు.

ఇవాళ రెండు లైన్లలో పాతదానికి ఎల్.సి. తీసుకున్నాం, ప్లాంటుని రెండోది మోస్తోంది. మొదటి పేరు చెంచురామయ్య, రెండో పేరు పెంచలమ్మ. అంటే నేను.

సముద్రం రోడ్డుని తినేశాక టవర్లకి పడవ మీదే పోవాలి. నలభై ఒకటో టవరు సముద్రపు నీళ్ళు నిలిచిన కయ్యలో నిలబడి ఉంటుంది, నడుం లోతు నీళ్ళు, కింద కాంక్రీటు దిమ్మ. బయట పని ఆపమనే ఎండ సైరన్ మోగేలోపు దిగాలని తెల్లారగానే ఎక్కాడు. ఇనుము మీద ఉప్పు, ఉప్పు మీద మంచు. పైకి చేరి ముందు తీగకి ఎర్త్ రాడ్డు తగిలించాడు. పొరపాటున కరెంటొచ్చినా మనిషిని వదిలి నేలలోకి పోవడానికి అది. తర్వాత బకెట్టు గుడ్డ తీసుకుని డిస్కుల వైపు జరగబోయి, కొక్కెం ఒక చోట విప్పి ఇంకోచోట తగిలించే లోపల మోకాలు మడత పడింది.

నేను పడవలో ఉన్నాను. చూశాను.

దిమ్మ మీద పడ్డాడు. పడవలోకి లాక్కున్నాను. రేవు చేరేలోపే పోయాడు.

సాయంత్రం ఇంజినీరు గారు ఇంటికి వచ్చి, దండ వేసి, పక్కకి పిలిచి మెల్లగా అడిగారు, ఎల్.సి. తిరిగిస్తావా అమ్మా అని. ఎర్త్ రాడ్డు ఇంకా పైనే ఉంది, అది తియ్యందే లైను ఇవ్వలేమన్నాను. ఓబులేసు ఎలాగోలా ఎక్కి తీస్తానన్నాడు. వద్దన్నాను. రెండో పేరు నాది, ఇప్పుడు మిగిలింది నా పేరొక్కటే, నేను వద్దంటే ఎవరూ ఆ టవరు ముట్టుకోరు.

“మూలం అధికారి ఎక్కి తియ్యాల. ఆయన దాన్ని తీసినాక లైనిస్తా,” అన్నాను.

నిషేధం 11వ రోజు

సస్పెండ్ చేస్తామన్నారు. చెయ్యమన్నాను. సస్పెండైనా ఎల్.సి. నా పేరు మీదే ఉంటుంది.

సబ్‌స్టేషన్ ఆపరేటరు జిలానీ ఫోన్ చేశాడు. “అక్కా, నా మీద ఎవురెవురో అరస్తుండారు. నేను స్విచ్ ముట్టుకోను. పేరు నీది. నీ ఇష్టం.” చివరగా, “అన్న నాకు ఎట్టాంటోడో నీకు తెలుసు గదా,” అని పెట్టేశాడు.

వదిన అన్నం ముట్టడం లేదు. నన్ను చూసి ఒకటే అంది. “వాణ్ణి ఎక్కించు పెంచలా. నేనేం అడగను ఇంక.”

ఎక్కిస్తానని మాటిచ్చాను. చేతిలో చెయ్యేసి ఇచ్చాను.

నిషేధం 13వ రోజు

రెండో లైను మధ్యాహ్నం పోయింది. కడగని డిస్కుల మీద నిప్పు పాకి, పిడుగు పడ్డ శబ్దంతో పేలింది. ప్లాంటు ఆగింది. ట్యాంకుల్లో రెండు రోజుల నీళ్ళున్నాయి.

ఇదే జరుగుతుందని మొదటి రోజే చెప్పాను. సంతోషం కలగాలి కదా, కలిగింది కూడా. సిగ్గు లేకుండా రాస్తున్నాను, కలిగింది.

నిషేధం 14వ రోజు

స్వదేశీ యంత్రం వచ్చింది. పెట్టె మీద రిబ్బను కూడా ఉంది. నిరంజన్ ప్రసాద్ దగ్గరుండి ఎగిరించాడు. రేవు దాటి సముద్రపు గాలి తగలగానే బొంగరంలా తిరిగి కయ్యలో పడింది. ఓబులేసు వలేసి పట్టి, నీళ్ళు కారుతున్నదాన్ని ఆయన కాళ్ళ దగ్గర పెట్టి, “సార్, పులుసు పెట్టుకుంటారా, వేపుడా?” అన్నాడు. నాలుగు రోజుల తర్వాత మొదటిసారి నవ్వాను.

నిషేధం 15వ రోజు

పొద్దున్నే పడవల రేవు దగ్గర నూరుమంది ఆడవాళ్ళు, ఖాళీ బిందెలు. మొదట నా మీదికే వచ్చారు.

“నీ పంతానికి మా పిలకాయలు ఎండిపోవాల్నా?” అంది ఒకామె. బిందె ఎత్తింది, కొడుతుందనే అనుకున్నాను.

నేనేం వాదించలేదు. నిరంజన్ ప్రసాద్ మా ఆఫీసుకిచ్చిన ఒక పేజీ నిషేధం నోటీసులో ఒక వాక్యం చదివాను. ‘చేతితో శుభ్రపరచడం సురక్షితమైన, సరిపోయే ప్రత్యామ్నాయం.’ కింద సంతకం చూపించాను. అక్కడే, జీపు పక్కన నిలబడి ఉన్నాడు ఆ సంతకం.

“సురక్షితం అంట. ఎక్కమనండి,” అన్నాను.

ఇక ఆ ఆడవాళ్ళే చూసుకున్నారు. ఇంజినీరు నేల చూపులు చూశారు. నిరంజన్ ప్రసాద్‌కి ముప్పై అయిదేళ్ళుంటాయి, చెమటలు కారుతున్నా గడ్డం ఎత్తే ఉంచాడు. “నేను కాలేజీలో ట్రెక్కింగ్ చేశాను. రాడ్డు తీయడమే కదా,” అన్నాడు. పౌరుషం ఉన్నవాడే. అంతవరకు ఒప్పుకుంటాను.

పడవలో ఇద్దరమే. బెల్టు నేనే కట్టాను, సరిగ్గానే కట్టాను. రెండు కొక్కేలు ఎలా మార్చాలో చూపించాను. భుజానికి వాకీటాకీ తగిలించాను. నూట ఇరవై నాలుగు మెట్లు అని చెప్పాను. పైకి పోయాక కిందికి చూడొద్దని మాత్రం చెప్పలేదు. కావాలనే చెప్పలేదు.

ముప్పావు గంట పట్టింది. కర్రతో రాడ్డు ఊడదీసి, తాడుకి కట్టి దించాడు. పడవలో పెట్టుకున్నాను. అన్న చేత్తో బిగించిన మర అది. తర్వాత ఆయన కిందికి చూశాడు.

టవరు కాలుని కావలించుకుని ఉండిపోయాడు. దిగమన్నాను. కదల్లేదు. మళ్ళీ దిగమన్నాను. వాకీటాకీలో ఊపిరి తప్ప ఇంకేం లేదు. ఆ తర్వాత ఏడుపు.

“అమ్మా, దించండమ్మా. నేను సంతకం పెడతాను. ఏడో నిబంధన కింద పెడతాను. ఇంకో డ్రోన్ తెచ్చుకోండి, ఏ దేశానిదైనా సరే.”

“ఏం నిబంధన?”

“ప్రాణాపాయం ఉన్న పనికి మినహాయింపు. నేనే ఇవ్వొచ్చు. ఒక్క సంతకం.”

“అది ఎప్పుడొచ్చింది?”



“అసలు ఉత్తర్వులో, మీకివ్వని పేజీలోనే ఉందమ్మా. మొదట్నుంచీ.”

“లేదన్నావే. నేనడిగితే లేదన్నావే!”

“పెడితే పైవాళ్ళు అడుగుతారు, ఎందుకు పెట్టావని. మళ్ళీ ఏదన్నా పేలితే నా పేరే బయటికొస్తుంది. అందుకే ఎవరికీ పెట్టలేదు.”

మా అన్న మోకాలు వల్ల చావలేదు. ఉప్పు వల్ల చావలేదు. ఒక మనిషికి నాలుగు ప్రశ్నలకి జవాబు చెప్పుకోవడం బద్ధకమై చచ్చాడు.

అప్పుడు ఫోన్ మోగింది. జిలానీ.

“అక్కా, రాడ్డు దిగిందా?”

“దిగింది.”

“అల్లా దయ. ప్లాంటోళ్ళు నా ప్రాణం తోడేస్తుండారు. చెప్పక్కా, మనుషులందరూ దిగారా?”

పైకి చూశాను. ఒక చెయ్యి తీగకి జానెడు దూరంలో ఉంది. పడవలో నేనొక్కదాన్నే. రేవు కిలోమీటరున్నర. రాడ్డు లేదు. అవును అంటే చాలు. అబద్ధం నాలుక మీదికి వచ్చేసింది, దాని రుచి కూడా తెలుస్తోంది. కంగారులో ఆయనే దిగానని చెప్పాడు అంటే ఎవరు కాదంటారు?

“అక్కా? అందరూ దిగారా?”

“లేదు. ఒక మనిషి పైన ఉన్నాడు.”

చెప్పేశాక నన్ను నేనే తిట్టుకున్నాను. జాలి కాదు, దేవుడి మీద ఒట్టు, రవ్వంత జాలి లేదు. ఇరవై రెండేళ్ళుగా ఆ ప్రశ్నకి నిజమే చెప్పిన నాలుక, ఇంకోలా తిరగనంది. అంతే.

ఇక నేనే ఎక్కాల్సి వచ్చింది. ఏడేళ్ళ తర్వాత. పైకి పోయేసరికి నా రొమ్ము పగిలిపోతోంది. ఆయన కళ్ళు మూసుకుని ఉన్నాడు. నన్ను చూసి అమ్మా అని చెయ్యి చాచాడు. చెయ్యి ఇవ్వలేదు.

“దించుతా. ఒక్కో మెట్టుకి మా అన్న సంగతి ఒకటి చెప్తా. నువ్వు తిరిగి చెప్పాల. చెప్తేనే తర్వాతి మెట్టు యాడుందో చూపిస్తా,” అన్నాను.

పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. కానీ వేరే దారి లేదు.

“మా అన్నకి కప్పలంటే భయం.”

“మీ అన్నకి... కప్పలంటే భయం.”

ఎడమ కాలు కిందికి. కొక్కెం మార్చు.

“టీ సాసర్లో పోసుకుని తాగుతాడు.” చెప్పాడు. “పేకాటలో దొంగాట ఆడతాడు, దొరికిపోతాడు.” చెప్పాడు. “వదినకి చేపలో ముల్లు తీసి పెడతాడు, ఎవరన్నా చూస్తుంటే తియ్యడు.” చెప్పాడు. “పసుప్పచ్చ చొక్కా వెయ్యడు. పదో తరగతి రెండుసార్లు తప్పాడు. నన్ను ఒక్కసారే కొట్టాడు, నాకు పదకొండేళ్ళప్పుడు, సాయంత్రానికి రిబ్బను కొనిచ్చాడు.” మూడు మెట్లకి మూడు.

యాభయ్యో మెట్టు దగ్గర నాకు సంగతులు అయిపోతాయేమోనని భయపడ్డాను. అయిపోలేదు. మనిషి గురించి ఎంత తెలుసో పోయాక తెలుస్తుంది. ఎండ సైరన్ మోగింది, ఇనుము కాలుతోంది, ఆయన పెదాలు పగిలాయి. నీళ్ళు అడిగాడు. లేవన్నాను. ఊళ్ళో ఎవరికీ లేవు.

చివరి మెట్టుకి, “మీ అన్నని చంపింది నేను,” అని చెప్పమన్నాను.

కింద పడవ రెండడుగుల దూరంలో ఉంది. దూకేయొచ్చు. దూకలేదు. చెప్పాడు. నాకే సరిగా వినపడనంత మెల్లగా. ఒప్పుకోలేదు నేను, మళ్ళీ చెప్పించాను.

పడవలో కూర్చున్నాక ఎల్.సి. పుస్తకం ముందు పెట్టాను. సొంత చేత్తో రాయించాను, ‘ఏడో నిబంధన కింద మినహాయింపు ఇస్తున్నాను. ఈ అధికారం మొదటి రోజు నుంచీ నాకు ఉంది.’ పేరు, హోదా, సంతకం. ఇవాళ్టి తేదీ. అక్షరాలు వంకర పోయాయి, చదవడానికి మాత్రం వస్తాయి. ఈ లైను మీద పనిచేసే ప్రతివాడూ పేరు రాసే ముందు ఆ పేజీ చూడాలి.

జిలానీకి ఫోన్ చేశాను. “పెంచలమ్మని. రాడ్డు దిగింది. మనుషులందరూ దిగారు. పాత లైను తిరిగిస్తున్నా.”

తీగలు ఝుమ్మన్నాయి.

నిషేధం 16వ రోజు

పాత లైను డిస్కులు ఇంకా కడగలేదు, అయినా రాత్రంతా నిలిచింది. పొద్దున కుళాయిల్లో నీళ్ళొచ్చాయి. వదినకి రెండు బిందెలు మోసుకెళ్ళాను.

అంతా చెప్పాను. ఏడో నిబంధన గురించి, మెట్ల గురించి, చివరి మెట్టు గురించి. పేజీని ఫోటో తీసుకున్నాను, అదీ చూపించాను. మాట నిలబెట్టుకున్నాను వదినా, ఎక్కించాను, ఏడిపించాను, రాయించాను అన్నాను. ఆయన్ని ఉద్యోగంలోంచి పక్కన పెట్టారని కూడా చెప్పాను. జిలానీ అడిగిన సంగతి చెప్పకుండా ఉండాల్సింది. నోరు ఆగక అదీ చెప్పాను.

వదిన అన్నీ విన్నది. ఫోటో వైపు చూడలేదు.

“రాడ్డు తీసేసినారు. ఆయన పైనే ఉండాడు. నువ్వొక్కదానివే ఉండావు. జిలానీ నిన్నడిగినాడు.”

“అవును వదినా.”

“మళ్ళ ఎందుకు దించినావు?”

నాలుక తిరగలేదని చెప్పాను. మా పనిలో ఆ ప్రశ్నకి ఎవరూ అబద్ధం చెప్పరని చెప్పాను. వదిన ఏనాడూ లైను మీద పని చెయ్యలేదు. నేను చెప్పేది నా చెవులకే సాకులా వినిపించింది.

“మీ అన్న నీ ముందే పడినాడు. నీ ముందే,” అంది. బిందెలు రెండూ గడప బయట పెట్టి తలుపేసుకుంది.

సైరన్ మోగేదాకా గడప ముందే కూర్చున్నాను. తలుపు తియ్యలేదు.